సౌండు తీసేసి చూసిన పాటలు

డిసెంబరు 3

ఎడిటర్ గుర్తు చేశాడు. ఏడాది చివరి పేజీకి పదమూడు రోజులే ఉన్నాయట. పది ఆల్బమ్‌లు, పది వీడియోలు, ఒక్కోదానికి నాలుగు వాక్యాలు. ఆల్బమ్‌లు అయిపోయాయి. వీడియోలు అత్తయ్య ఇంకా చూస్తోంది.

ఈ నోటుబుక్కు నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి ఆ మాట ఇక్కడ రాయొచ్చు. మా వారపత్రికలో నా పేరుతో వచ్చే పది వీడియోలూ మూడేళ్ళుగా మా అత్తయ్య ఏరినవే. ఆవిడకి చెవులు వినపడవు. ముప్పై ఏళ్ళు బట్టల మిల్లులో పనిచేసింది. మొదట మగ్గం మీద, తర్వాత నేసిన బట్టలో తప్పులు పట్టే చెకింగులో. ఆ షెడ్డు చప్పుడే చెవుల్ని తినేసింది. నేను ఈ ఇంటి అల్లుణ్ణయ్యేసరికి పూర్తిగా పోయాయి. నా గొంతు ఆవిడ ఎప్పుడూ వినలేదు. అందుకే నేనంటే అంత అభిమానం అని మా ఆవిడ అంటుంది.

అయినా ఏరడమంటే ఎంత పనని. కాలక్షేపానికి చూస్తుంది, నచ్చినవి చెబుతుంది. రాసేది నేనే కదా.

డిసెంబరు 5

కిటికీ పక్కన కుర్చీ, ఎదురుగా స్టూలు మీద టాబ్లెట్, అది జారిపోకుండా వెనకాల ఇస్త్రీపెట్టె. ఒళ్ళో ఎప్పుడూ ఏదో ఒక బట్ట ఉండాలి, దాన్ని మడిచి విప్పి మళ్ళీ మడుస్తూ చూస్తుంది. పక్కింటివాళ్ళకి ఇబ్బందని సౌండు తీసేసే ఉంచుతుంది. మూడుసార్లు చూడనిదే నోరు విప్పదు.

ఈరోజు నన్ను పిలిచి కూర్చోబెట్టింది. పాటంతా ఒక లిఫ్టులోనే. పాడే పిల్ల కిందినుంచి పైకి పోతుంటే ఒక్కో అంతస్తులో ఒక్కో మనిషి ఎక్కుతాడు.

"ఏడో అంతస్తులో ఎక్కాడు చూడండి, ఆయన నటుడు కాదు అల్లుడుగారూ. ఆయనకి నిజంగానే ఎక్కడికో వెళ్ళాలి. ఈ పిల్ల ప్రాణం పెట్టి పాడుతుంటే గడియారం చూసుకుంటున్నాడు. కావాలని పెట్టింది కాదది. తీసెయ్యకుండా ఉంచారు. ఉంచినవాడికి దణ్ణం పెట్టాలి."

నేను ఆ వీడియో ఇదివరకే చూశాను. గడియారం చూసుకున్న మనిషిని చూడలేదు. ఇప్పుడు ఆయన తప్ప ఇంకేమీ కనపడడం లేదు. ఆవిడ కళ్ళు ఎవరికిస్తారో అడిగి ముందే రాయించుకోవాలి.

డిసెంబరు 6

ఆల్బమ్‌లలో మూడోదాన్ని మొదటికి మార్చాను. మధ్యాహ్నం మళ్ళీ మూడుకి మార్చాను.

డిసెంబరు 8

మొదటిదే. ఇక మార్చను. ఉత్తరాలు పంచే ఉద్యోగం నుంచి రిటైరైన పెద్దాయన, నలభై ఏళ్ళు ఇంట్లో మాత్రమే వాయించుకున్న క్లారినెట్, తొమ్మిది పాటలు, తొమ్మిదీ ఆయన ముందుగదిలోనే. కుర్చీ కిర్రుమన్నది కూడా ఉంచేశారు. నాలుగో పాట మధ్యలో ఎవరో తలుపు తడతారు, ఆయన ఆగడు, కాస్త మెల్లగా వాయిస్తాడు, ఆ వచ్చినవాళ్ళు లోపలికొచ్చి కూర్చున్నట్టు మనకి తెలిసిపోతుంది. అది విన్నప్పుడు, వాయిద్యం నేర్చుకోలేదని నాకెప్పుడూ ఉండే బాధ మొదటిసారి కలగలేదు. వినేవాడిగా పుట్టడం కూడా మంచి ఉద్యోగమే అనిపించింది.

వీడియోలు ఆవిడ చూపిస్తే ఆల్బమ్‌లు నేను చెప్పాలి, అది మా ఒప్పందం. ఎదురుగా కూర్చుని పెదాలు బాగా కదిపి ఈ క్లారినెట్ సంగతి చెప్పాను.

"పల్చనా, గట్టిదా?" అని అడిగింది. ఏ ఆల్బమ్ గురించైనా ఆవిడ అడిగే మొదటి ప్రశ్న అదే.

"పల్చనే అత్తయ్యా. కానీ ఎక్కడా పోగు తెగలేదు."

"అయితే తొందరపడకుండా నేశాడన్నమాట," అంది. నా నాలుగు వాక్యాలకంటే ఇది నయం. వాడుకుంటాను.

సాయంత్రం వంటింట్లో మా ఆవిడతో మెల్లగా గొణిగాను, మీ అమ్మ పొద్దున్నుంచి ఒకే పాట పట్టుకుని కూర్చుందని. ముందుగదిలోంచి ఇంటికప్పు ఎగిరిపోయే గొంతుతో జవాబు వచ్చింది, "ఒకటి కాదు, నాలుగు." నేను వీపు తిప్పే ఉన్నాను. కానీ నా మొహం బీరువా అద్దంలో పడింది.

"మిల్లులో పెరిగింది మా అమ్మ. అద్దం లేని చోట చూసుకుని తిట్టు," అంది మా ఆవిడ నవ్వుతూ.

నిజమే, మూడో షెడ్డులో ఆరువందల మగ్గాలు ఒకేసారి ఆడేవట. పక్కమనిషి అరిచినా వినపడేది కాదు. అందుకే ఆడవాళ్ళంతా పెదాలతోనే మాట్లాడుకునేవాళ్ళు. పెళ్ళిసంబంధాలు, తగువులు, మేస్త్రీ మీద జోకులు, అన్నీ. పాటలు కూడా అలాగే పాడుకునేవాళ్ళట. ఒకామె పెదాలు కదిపితే ఎదురు వరసలో వాళ్ళు అందుకునేవాళ్ళట, ఎవరి గొంతూ ఎవరికీ వినపడకుండానే.

డిసెంబరు 10

ఈరోజు రెండు వచ్చాయి. బస్సులు కడిగే డిపోలో తీసిన పాట. తిరిగే బ్రష్షులు డ్రమ్ములతో కలిసే తిరుగుతాయి. "డ్రమ్ములు వాయించేవాడికి పాడేవాడి మీద కోపంగా ఉంది. పాట అయ్యేలోపు పోయింది. ఎక్కడ పోయిందో చూడండి, మూడో బస్సు దగ్గర," అంది అత్తయ్య. చూశాను. మూడో బస్సు దగ్గరే.

రెండోది మంగలి కుర్చీలో కూర్చుని పాడే మనిషి. పాట అయ్యేసరికి నున్నగా గుండు. కెమెరా ఒక్కసారి కూడా ఆపలేదు. "తప్పు చేస్తే మళ్ళీ జుట్టు రావాలి కదా. అందరూ జాగ్రత్తగా ఉన్నారు. ఆ జాగ్రత్తే అందంగా ఉంది," అంది.

ఈ మాటకి నేనేం కలపను? "అత్యంత హృద్యంగా" అని ఒకటి కలిపాను. పేజీలో కాస్త నా ముద్ర కూడా ఉండాలి.

డిసెంబరు 12

దొరికింది. ఈ ఏడాదికి ఇదే.

కొత్త గాయని, మొదటి ఆల్బమ్. ఖాళీ ఇంట్లో గోడలకి రంగు వేస్తూ గదిగదికీ తిరుగుతూ పాడుతుంది. రెండో చరణం దగ్గర కెమెరా బయటికి వెళ్ళిపోతుంది, ఆ పిల్ల కిటికీ అద్దంలోంచి మసగ్గా మాత్రమే కనిపిస్తుంది. పన్నెండు సెకన్లు. అత్తయ్య అక్కడ ఆపింది, వెనక్కి తిప్పింది, మళ్ళీ ఆపింది. బట్ట మడవడం కూడా ఆపేసింది.

"ఏమందో తెలుసా అల్లుడుగారూ. 'నీ గొంతు గుర్తు రావడం లేదు, నీ నడక గుర్తుంది.'"

ఆవిడ గొంతు మామూలుగా వీధి మలుపు దాకా వెళుతుంది. ఇది మాత్రం నాదాకానే వచ్చింది.

"మీ మామగారి గొంతు నాకూ గుర్తు లేదు. నడక ఉంది. తలుపు దాకా వచ్చి ఆగి, చెప్పులు రెండుసార్లు విదిలించేవారు," అని లేచి లోపలికి వెళ్ళింది.

పాట రెండుసార్లు విన్నాను. ఎంత గొప్ప వాక్యం.

డిసెంబరు 16

పంపేశాను. వీడియోల్లో మొదటి స్థానం రంగులేసే పిల్లది. ఇలా రాశాను: "రెండో చరణంలో ఆమె 'నీ గొంతు గుర్తు రావడం లేదు, నీ నడక గుర్తుంది' అని పాడినప్పుడు, ఈ ఏడాది నా చెవిన పడ్డ మాటలన్నీ వెలవెలబోయాయి."

డిసెంబరు 19

పేజీ వచ్చింది. "నీ చెవి బంగారమోయ్," అన్నాడు ఎడిటర్. పొద్దున్నుంచి ఫోన్లు.

అత్తయ్య పేపరు పట్టుకుని కళ్ళజోడు వెతుక్కుంటోంది. దొరికినట్టు లేదు. ఆవిడ ఈ పేజీ ఏ ఏడాదీ చదవదనుకుంటా.

డిసెంబరు 21

పదిహేడు ఉత్తరాలు, అన్నిటిలోనూ ఒకటే మాట. ఆ పాటలో అలాంటి వాక్యం లేదు.

ఇప్పుడు విన్నాను. పన్నెండో తారీఖున రెండుసార్లు విన్నానని రాసుకున్నాను కదా, అది అబద్ధం. ఒక్కసారి కూడా వినలేదు. ఆ వారం అంతా క్లారినెట్టే వింటున్నాను. నేను ఒక్కడినే చదివే పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్నానంటే నా అలవాటు ఎంత దూరం వచ్చిందో చూసుకోవాలి.

ఆ చోట పాటే లేదు. వయొలిన్ ఉంది. పన్నెండు సెకన్లూ వయొలినే.

డిసెంబరు 22

ఎడిటర్ తలుపు వేసి మరీ అడిగాడు.

"లేని వాక్యం ఎలా విన్నావయ్యా నువ్వు?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. క్షమాపణ రాసి ఇమ్మన్నాడు.

ఇంటికొచ్చి అత్తయ్యని మళ్ళీ చూడమన్నాను. ఎందుకో చెప్పలేదు. మెల్లగా తిప్పి చూసింది, మామూలుగా తిప్పి చూసింది. అవే మాటలు చెప్పింది.

"వేరే ఏమైనా అయ్యుండొచ్చా అత్తయ్యా? అద్దంలో కదా, మసగ్గా..."

ఆవిడకి కోపం రావడం నేను పెళ్ళయిన కొత్తలో ఒకసారి చూశాను. ఇది రెండోసారి. "ఉన్న తప్పు వదిలినదాన్ని కాదు, లేని తప్పు రాసినదాన్ని కాదు. ఇరవై రెండేళ్ళు చెకింగులో కూర్చున్నాను. మీకు వినపడకపోతే నా దగ్గరికి రాకండి, చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి."

అత్త మీద కోపం దుత్త మీద చూపించేది కోడళ్ళే కాదు. వంటింట్లో ఒక గ్లాసు నా చేతిలో పగిలింది.

డిసెంబరు 23

పాడిన అమ్మాయి ఎడిటర్‌కి ఫోన్ చేసింది.

ఆ వాక్యం ఉందట. వీడియో తీసిన రోజు పాడిందట. అది వాళ్ళమ్మ గురించి. అమ్మ పోయి నాలుగేళ్ళు. తర్వాత ఆ మాట లోకం వినడం ఇష్టంలేక పాటలోంచి తీయించేసి అక్కడ వయొలిన్ పెట్టించింది. వీడియోలో దూరంగా అద్దంలోనే కదా, ఎవరికి తెలుస్తుందని అది మాత్రం అలాగే వదిలేసింది. వీడియో తీసినవాళ్ళు అప్పుడు అద్దానికి బయటే ఉన్నారు, వాళ్ళకి వినపడలేదు. ఈ సంగతి తనకీ, వయొలిన్ వాయించిన ఆవిడకీ, పాట రికార్డు చేసినాయనకీ తప్ప ఎవరికీ తెలియదు. వయొలిన్ ఆవిడ తనకి పిన్ని. అంటే నాకు చెప్పింది రికార్డు చేసినాయనేనని ఆ అమ్మాయి లెక్క. తర్వాతి ఆల్బమ్‌కి రావద్దని ఆయనకి చెప్పేసిందట.

అత్తయ్య చూసింది నిజమన్నమాట. ఎవరో దాచిపెట్టుకున్న మాటని, అద్దంలో, పన్నెండు సెకన్లలో, బట్ట మడుస్తూ చూసింది. నాకు ముందు వచ్చింది భయం కాదు, గర్వం. భయం తర్వాత వచ్చింది.

ఎడిటర్ మాత్రం చేతులు రుద్దుకుంటున్నాడు. సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాడు. క్షమాపణ అక్కర్లేదట.

"స్టూడియోలో నీకు మనిషున్నాడని చెప్పవేం? పేరు బయటపెట్టం అని నాలుగు ముక్కలు రాసి పడేద్దాం. నువ్వేం మాట్లాడకు చాలు."

"మరి ఆ రికార్డింగాయన పని పోతుంది కదా," అన్నాను.

"నువ్వు తీసేశావా? ఆ పిల్ల తీసేసింది."

సరే అన్నాను.

డిసెంబరు 24

ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆయన చాలా పేరున్న రికార్డింగు మనిషట. వేరే పని దొరుకుతుంది. దొరక్కుండా ఎందుకుంటుంది.

డిసెంబరు 25

క్లారినెట్ పెట్టుకున్నాను. నాలుగో పాటలో తలుపు తట్టినప్పుడు ఉలిక్కిపడ్డాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే.

డిసెంబరు 26

అత్తయ్య పిలిచింది. స్టూలు మీద టాబ్లెట్ లేదు. మడిచిన కాగితాలున్నాయి. విప్పితే నా పేజీలు. ఈ ఏడాదిదితో కలిపి మూడేళ్ళవీ. మీద నీలం సుద్దగీతలు. మిల్లులో బట్ట మీద తప్పు కనపడితే గీసే సుద్ద అది. రిటైరైనప్పుడు తెచ్చుకున్న ముక్క ఇంకా ఆవిడ కుట్టుపెట్టెలో ఉంది.

ఆ గీతలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూశాను. "అత్యంత హృద్యంగా" మీద ఒకటి. "మహాద్భుతమైన దృశ్యకావ్యం" మీద రెండు. నేను కలిపిన ప్రతిమాటా దొరికిపోయింది. ఆవిడ చెప్పినట్టే రాసిన వాక్యాల మీద ఒక్క గీత లేదు. ఈ ఏడాది పేజీలో "నా చెవిన పడ్డ" అన్నచోట సుద్ద కాగితాన్ని చింపేసింది.

"మీరు చదివేవారా అత్తయ్యా?"

"మా అల్లుడు రాసింది చదవనా?" అంది. తిట్టి ఉంటే నయంగా ఉండేది.

తర్వాత మిల్లు సంగతి చెప్పింది. ప్రతి బట్ట తాను చివరా రెండు నంబర్లు వేసేవాళ్ళట. నేసినవాళ్ళది ఒకటి, చెక్ చేసినవాళ్ళది ఒకటి. రెండూ ఉంటేనే గేటు దగ్గర వాచ్‌మన్ వదిలేవాడు. ఆవిడ నంబరు 27. మామగారి మగ్గం నంబరు 112. పెళ్ళికి ముందు ఆయన తానుల మీద ఆవిడ గీసినన్ని గీతలు ఎవరూ గీయలేదట. అన్ని తప్పులు ఎందుకు చేస్తున్నారని ఒకరోజు పెదాలతోనే అడిగితే, తప్పులుంటేనే కదా నువ్వు నా బట్ట ఎక్కువసేపు చూస్తావు అని పెదాలతోనే జవాబిచ్చారట.

"మూడేళ్ళుగా నా నంబరు లేకుండా బట్ట బయటికి పోతోంది. ఇంట్లో మనిషే కదా అని నేనే కళ్ళు మూసుకున్నాను. కానీ నేను చూసినదానికి ఇంకెవడి పనో పోతుంటే మాత్రం మూసుకోను అల్లుడుగారూ."

"ఆ సంగతి మీకెవరు చెప్పారు?"

బీరువా అద్దం వైపు చూపించింది. ఇరవై మూడున నేను అక్కడే నిలబడి ఫోన్లో సరే అన్నాను.

డిసెంబరు 27

పాడిన అమ్మాయికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. మూడేళ్ళ సంగతి కూడా. నమ్మలేదు. "చెవులు వినపడని ఆవిడ నా పాట విన్నారా? ఆయన్ని కాపాడడానికి మంచి కథే అల్లారు సార్," అంది. మీరే వచ్చి చూసుకోండి అన్నాను.

ఎడిటర్‌కి కూడా చెప్పాను. "ఈ పేజీ నీకు ఉంటుందో లేదో చెప్పలేను," అన్నాడు. పన్నెండేళ్ళ పేజీ అది. తిరిగి వస్తుంటే కాళ్ళు మాత్రం తేలిగ్గా పడ్డాయి.

మా ఆవిడకి అన్నీ చెప్పాను. "నాకు రెండో ఏడాదే తెలుసు. నువ్వు చెబుతావని చూస్తున్నా," అంది. ఈ ఇంట్లో తెలియనిది నా ఒక్కడికే.

డిసెంబరు 30

వచ్చింది. రంగులేసే వీడియోలో కంటే చిన్నపిల్లలా ఉంది. లోపలికి రాలేదు. వీధికి అవతలి పక్కనే నిలబడి, కిటికీలో ఉన్న అత్తయ్యని చూసి ఏదో అంది. గొంతు లేకుండా, పెదాలతో.

"రికార్డింగాయన పేరు చెప్పి, ఆయన మీకు చుట్టమా అని అడుగుతోంది," అంది అత్తయ్య, వీధి వీధంతా వినపడేలా. "కాదమ్మా, ఆయనెవరో నాకు తెలీదు. ఎండలో నిలబడకు, లోపలికి రా."

ఆ పిల్ల నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత వచ్చింది. గుమ్మంలోనే ఫోన్ తీసి ఆ రికార్డింగాయనకి చేసింది. తప్పు నాదే అన్నయ్యా, రేపు మాట్లాడదాం రండి అని చెప్పి, కళ్ళు తుడుచుకుని అత్తయ్య ఎదురుగా కూర్చుంది.

"అంత మంచి మాట ఎందుకు తీసేశావమ్మా?" అంది అత్తయ్య.

"అమ్మ గొంతు మర్చిపోయానని పదిమంది ముందు ఒప్పుకోవడం ఇష్టంలేక, ఆంటీ. కూతురై ఉండి మర్చిపోయానంటే ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు. నేను నా మొగుడి గొంతు మర్చిపోయాను. నా కూతురి గొంతు మర్చిపోయాను, అది రోజూ నా ముందే తిరుగుతోంది. ప్రేమ లేకనా?"

గుమ్మం దగ్గర నిలబడ్డ మా ఆవిడ పక్కకి తిరిగింది.

"ఒక్కసారి పాడు," అంది అత్తయ్య.

"గొంతు రాదు ఆంటీ, ఏడుపొస్తుంది."

"గొంతెవరు అడిగారు? నాకెందుకది?"

ఆ పిల్ల పాడింది. పెదాలతో. రెండో లైను నుంచి అత్తయ్య అందుకుంది, తనూ పెదాలతోనే, షెడ్డులో ఎదురు వరస మనిషిని చూస్తున్నట్టు ఆ పిల్లనే చూస్తూ. ఇద్దరూ ఒకచోట ఊపిరి తీసుకున్నారు, ఒకచోట ఆగారు. ఒళ్ళో తువ్వాలు మీద అత్తయ్య వేళ్ళు తాళం వేస్తున్నాయి. చప్పుడు లేదు. ఈ ఏడాది నేను రెండొందల ఆల్బమ్‌లు విన్నాను. అంత బాగా కలిసి పాడినవాళ్ళు వాటిలో లేరు. ఆ గదిలో వినపడనివాణ్ణి నేనొక్కణ్ణే.

జనవరి 2

సవరణ వచ్చింది. పేజీ పోలేదు. ఇకనుంచి సగం అత్తయ్యకి ఇవ్వాలని ఎడిటర్ షరతు. షరతులా పెట్టాడు గానీ, ఆవిడ చెప్పిన లిఫ్టు మనిషి గురించి రెండుసార్లు అడిగాడు. జరిగినదంతా దాచకుండా రాశాను. ఆ వాక్యాన్ని కూడా గాయని ఒప్పుకున్నాకే వేశాం. చివర్లో: "చూసినది: చెకర్ నంబరు 27." దాని కింద నా పేరు.

అత్తయ్యకి ఇచ్చాను. ఈసారి కళ్ళజోడు వెంటనే దొరికింది. నీలం సుద్ద తీసి మొదటి నుంచి చివరిదాకా చదివింది. నేను పక్కన నిలబడే ఉన్నాను. పరీక్ష పేపరు దిద్దించుకుంటున్నంత భయం. ఒక్క గీత కూడా పడలేదు. 27 దగ్గర ఆగి, దాన్ని బొటనవేలితో మెల్లగా రుద్దింది, అచ్చు ఊడిపోతుందేమో చూస్తున్నట్టు.

తర్వాత నా పేరు దగ్గర ఆగింది.

"ఇది గేటు దాటదు," అంది.

"ఎందుకని అత్తయ్యా? మీ నంబరు వేశాను కదా."

"నేసినవాడి నంబరేది?"

నాకు నంబరు లేదన్నాను. ఆవిడ సుద్దముక్క తిప్పి పట్టుకుని, నా పేరు పక్కన పెద్ద అంకెలతో రాసింది. 112.

తర్వాత కళ్ళజోడు సర్దుకుని, స్టూలు దగ్గరికి లాక్కుని, ఈ ఏడాది మొదటి పాట పెట్టింది.